నూడుల్స్ బండి వెనిగర్, పద్దెనిమిది మంది ఆడవాళ్లు

నా కుడి బొటనవేలి మీద చింతగింజంత తెల్లటి మచ్చ ఒకటి ఉంది. పోయిన నెల కొత్త నర్సులకు శిక్షణ జరుగుతుంటే నన్ను పిలిచి, నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మైకు అందుకోకముందే ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి ఆ మచ్చ చూసి, "ఏమైంది మేడం?" అని అడిగింది. నాలుగు మాటలు అనుకున్నది గంట దాటింది. భోజనాలు చల్లారాయి, నిర్వాహకుల ముఖాలు మాడిపోయాయి. నాకు మాత్రం భలే హుషారుగా అనిపించింది. అక్కడ చెప్పినదీ, నలుగురిలో చెప్పడానికి సిగ్గేసి దాటవేసినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మాది చొప్పదండి దగ్గర ఊరు. కరీంనగర్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై మూడేళ్లు నర్సుగా పనిచేసి నిరుడు రిటైరయ్యాను. అందులో చివరి పన్నెండేళ్లు నా పని ఒక్కటే. ఊరూరా క్యాంపులు పెట్టి, ముప్పై దాటిన ఆడవాళ్ల గర్భసంచి మూతికి ఎసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్లు దూదితో అద్ది, ఒక్క నిమిషం ఆగి, అక్కడ తెల్లబడిందా లేదా అని చూడడం. తెల్లబడకపోతే ఇంటికి పంపుతాం. తెల్లబడితే ఆగమంటాం. తెల్లబడిన ప్రతిదీ జబ్బు కాదు గానీ, కొన్నేళ్ల తర్వాత క్యాన్సర్ అయ్యేది కొందరిలో అలాగే బయటపడుతుంది. ఆ దశలో పట్టుకుంటే పది నిమిషాల వైద్యంతో పోతుంది. పట్టుకోకపోతే ఏమవుతుందో వార్డులో చాలా చూశాను. అవి రాయను.

ఎసిటిక్ యాసిడ్ అంటే భయపడకండి. వెనిగర్‌లో ఉండేది అదే. మీ ఫ్రైడ్ రైస్ మీద పచ్చిమిరపకాయలు నానబెట్టి ఇస్తారే, ఆ పులుపే. ఇంత చవకైన, ఇంత తేలికైన పరీక్ష ఇంకోటి లేదు. తేలికైన పని కాబట్టే దాన్ని నేను ఒకసారి ఘోరంగా పాడుచేశాను. పద్దెనిమిది మంది ఆడవాళ్లకు "మీకేం లేదు, హాయిగా పోండి" అని తెలియక అబద్ధం చెప్పాను. వాళ్లందరినీ మళ్లీ పట్టుకున్న సంగతే ఇందులో ముఖ్యం. మిగతా కబుర్లు దానికి ముందు తెలియాల్సినవి.

మచ్చ సంగతి

ఆసుపత్రికి వచ్చే యాసిడ్ నీళ్లు కలపని చిక్కటి సరుకు. మూత తీస్తే కళ్లలోంచి నీళ్లు కారతాయి, చర్మం మీద పడితే కాలుతుంది. తొంభై అయిదు పాళ్ల నీళ్లలో అయిదు పాళ్లు యాసిడ్ కలిపితే మన మందు తయారు. అది ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి.

మొదటి వారం నేను గ్లవ్స్ లేకుండా సీసా మూత తిప్పాను. మూత అంచున ఉన్న రెండు చుక్కలు బొటనవేలి మీద పడ్డాయి. మొదట ఏమీ అనిపించలేదు, కాసేపటికి సూదులు గుచ్చినట్టు మంట మొదలైంది. మా డాక్టరమ్మ శాంత గారు నా చెయ్యి పట్టుకుని పంపు కింద పెట్టి, చాలాసేపు వదల్లేదు. అంతసేపూ తిడుతూనే ఉన్నారు.

"గ్లవ్స్ ఎందుకున్నయే? గోడకు తగిలెయ్యనీకా? ముందుగాల నీళ్లు, తర్వాత యాసిడ్. రోజుకొకసారి జపం చెయ్."

శాంత గారిది కరీంనగరే. పెద్ద చదువులు చదివారు గానీ కోపం వస్తే ఇంటి మాట అలాగే బయటికి వచ్చేది. నేను చూసిన పెద్దల్లో ఉత్తములు ఆమె. ఎందుకంటే తప్పు జరిగిన క్షణంలోనే తిట్టేవారు, మర్నాడు గుర్తుపెట్టుకునేవారు కాదు. ఇంకో రకం పెద్దలు ఉంటారు, అప్పుడు నవ్వి, ఆరు నెలల తర్వాత అందరి ముందూ గుర్తుచేస్తారు. అలాంటివాళ్ల దగ్గర పనిచేసే మనిషి తప్పు దాచడం నేర్చుకుంటుంది. మా పనిలో దాచిన తప్పంత ప్రమాదం ఇంకోటి లేదు.

అవ్వ చేసిన ద్రాక్షరసం

ఈ పులుపు వాసన నాకు నర్సు కాకముందే తెలుసు. మాది మెథడిస్టు సంఘంలోని కుటుంబం. బాపు కైకిలికి, అంటే కూలి పనికి పోయేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, గుడి పనుల్లో ముందుండేది. ప్రభు భోజనంలో అందరికీ ఒక్కో గుక్క ఇచ్చే ద్రాక్షరసం చేసే పని మా అవ్వది. ద్రాక్షలు ఉడికించి, వడగట్టి, సీసాల్లో పోసేది. ఒక ఎండాకాలం ముందుచూపు ఎక్కువై, చాలా వారాల ముందే చేసి, కుండలో పోసి గుడ్డ కట్టి పెట్టింది.

ఆదివారం పాస్టరయ్య మొదటి గుక్క తాగి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఆయన భక్తిలో మునిగిపోయాడనుకుని సంఘమంతా కళ్లు మూసుకుంది. తర్వాత ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరి ముఖం ముడుచుకుపోవడం మొదలైంది. చివరి బెంచీలోని ముసలి తాత మాత్రం ఉండబట్టలేక, "అయ్యగారూ, గిది రసమా, చింతపండు పులుసా?" అని అడిగేశాడు.

అవ్వ ఏమాత్రం తగ్గలేదు. "సిలువ మీద యేసయ్యకు చిరకనే ఇచ్చిన్రు. ఒక్క పూట మనం తాగితే ఏమైతది?" అంది.

చిరక అంటే బైబిల్లో ఈ వెనిగర్‌కే పేరు. అది విని పాస్టరయ్యే ముందు నవ్వాడు. ద్రాక్షరసం గాలి తగిలి పులిస్తే ముందు సారా అవుతుందనీ, ఇంకా వదిలేస్తే సూక్ష్మక్రిములు ఆ సారాను ఎసిటిక్ యాసిడ్ చేస్తాయనీ నర్సింగ్ పాఠంలో చదివినప్పుడు క్లాసులో గట్టిగా నవ్వాను, మేడం బయట నిలబెట్టింది. మా వైపు కల్లు రెండు మూడు రోజులు మిగిలిపోతే ముక్కు మూసుకునేంత పులుస్తుంది, దాన్ని అలా వదిలేస్తే అయ్యేది కూడా ఈ యాసిడే. అంటే ఇది మనకు కొత్తది కాదు. పాలల్లో నిమ్మకాయ పిండితే విరిగినట్టు, ఈ పులుపు తగిలితే కణాల్లోని మాంసకృత్తులు గట్టిపడి తెల్లబడతాయి. తేడా చేసిన కణాల్లో ఆ సరుకు ఎక్కువ, అందుకే అవి ఎక్కువ తెల్లబడతాయి. కాసేపటికి ఆ తెలుపు పోతుంది. మీరు చూడాల్సింది ఆ కాసేపట్లోనే.

ఒక్క నిమిషం

మందు అద్దిన తర్వాత ఆగాల్సిన నిమిషం ఉంది చూశారూ, అదే మన ఉద్యోగం. బల్ల మీద పడుకున్న మనిషికి అది గంటలా ఉంటుంది. కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, కొందరు మొగుణ్ణి తిడతారు. అప్పుడు ఫోను చూసుకునే నర్సును నేను గదిలోంచి బయటికి పంపేదాన్ని.

నేనైతే ఇవాళ ఏం కూర అని అడిగేదాన్ని. పన్నెండేళ్లలో నాకు తెలియని తొక్కు పచ్చడి లేదు. ఒకావిడ బల్ల దిగుతూ, "ఒక్క నిమిషం అంటివి, నా పుంటికూర తొక్కు మొత్తం గుంజుకుంటివి గదనే సిస్టరమ్మా" అంది. మా ఇంట్లో ఇప్పటికీ ఆ గోంగూర తొక్కే చేస్తాను.

ఒక నేతపని ఊళ్లో మొదటిరోజు ఒక్కరూ లోపలికి రాలేదు. అక్కడి మగవాళ్లంతా పవర్‌లూమ్‌ల మీద, రంగుల గాబుల దగ్గర పనిచేసేవాళ్లు. యాసిడ్ పెడతారట అన్న మాట ఊరంతా పాకింది. తలుపు దగ్గర నిలబడ్డ పద్మ అనే ఆమె ముక్కు ఎగబీల్చి, "గిదా? మా ఆయన అంగీకి దినాం గిదే వాసన. దారానికి రంగు మంచిగ పట్టాలె అని గాబుల పోస్తరు" అని వెనక్కి తిరిగి కేకేసింది. "ఏం గాదు రాండ్రే, మన రంగుల మందే!" ఆ రోజు మధ్యాహ్నానికి నా చేతిలో దూది అయిపోయింది. నేను ఇచ్చిన ఉపన్యాసం కంటే ఆమె ముక్కు ఎక్కువ పనిచేసింది. అక్కడివాళ్లకు తెలిసింది అడిగితే మన పని సగం తగ్గుతుందని ఆ రోజే నాకు అర్థం కావాల్సింది. కాలేదు. అందుకే తర్వాత దెబ్బ తిన్నాను.

ఇంకో మాట, మధ్యలో గుర్తొచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా వైపు బోరు నీళ్లకు పరికరాలు మరిగించే గిన్నెల అడుగున తెల్లటి పొలుసు కడుతుంది. వెనిగర్ పోసి కాసేపు ఉంచితే బుసబుసమని వదిలిపోతుంది. అది చూసి ముచ్చటపడి, నేనొకసారి క్యాంపు గదిని ఇంకా శుభ్రంగా కడుగుదామని బ్లీచింగ్ పొడి నీళ్లలో మిగిలిన వెనిగర్ కూడా పోశాను. ఆ రెండూ కలిస్తే వచ్చే విషవాయువుకు ఊపిరి ఆడక, నేనూ ఆయమ్మా దగ్గుకుంటూ బయటికి ఉరికాం. ప్రాణాలతో ఉన్నాం కాబట్టి ఇప్పుడు నవ్వుతున్నాను. ఆ రెండింటినీ ఎప్పుడూ కలపకండి, ఒకే అల్మారాలో కూడా పెట్టకండి.

గడ్డకట్టిన సీసా

ఇక అసలు సంగతికి వస్తాను.

చలికాలం. పత్తి ఏరే రోజులు. భైంసా దగ్గర ఒక ఊళ్లో క్యాంపు. ఆదిలాబాద్ వైపు చలి గురించి తెలియనివాళ్లకు ఎంత చెప్పినా నమ్మరు. కరీంనగర్‌లో శాలువా సరిపోయేచోట అక్కడ రెండు రగ్గులు కావాలి. మందుల పెట్టె జీపులోనే ఉంచి మేం స్కూలు గదిలో పడుకున్నాం.

పొద్దున్నే పెట్టె తెరిచాను. యాసిడ్ సీసాలో నీళ్లలాంటి సరుకు లేదు. తెల్లగా, పటికబెల్లం ముద్దలా గట్టిపడి ఉంది. తలకిందులు చేసినా కదల్లేదు. నాకు కోపం నెత్తికెక్కింది. మా స్టోర్ కీపర్ రహీం భాయ్‌కు ఫోను చేశాను.

"యాసిడ్ల నీళ్లు కలిపి పంపినవా భాయ్? ఇక్కడ ఐసు గడ్డైంది!"

"తోబా తోబా! సీల్ తియ్యని సీసా ఇచ్చిన అక్కా. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు పాపం.

నేను వినలేదు. సరుకు కల్తీ అని తేల్చేశాను. అప్పటికే వరండాలో పద్దెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పత్తి చేలకు పోకుండా, ఇంట్లో మొగుళ్లతో వాదించి మరీ వచ్చినవాళ్లు. వాళ్లను వెనక్కి పంపితే మళ్లీ రారు.

మందు అందుబాటులో లేకపోతే, బలం రాసి ఉన్న సీలు వేసిన వెనిగర్ వాడొచ్చని శిక్షణలో చెప్పారు. ఆ మాటలో నాకు ‘వెనిగర్’ ఒక్కటే గుర్తుంది. మా డ్రైవర్ యాదగిరిని పంపాను. కిరాణా కొట్లలో దొరకలేదట. భైంసా బస్టాండు దగ్గర నూడుల్స్ బండి పెట్టే అతని ఇంటికి పోయి, అతను వాడే సీసా పట్టుకొచ్చాడు. కాగితం చిరిగిపోయిన పాత సీసా. మూత తీసి వాసన చూశాను. పుల్లగానే ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ రోజంత సాఫీగా ఏ క్యాంపూ జరగలేదు. ఒక్కరికీ తెల్లబడలేదు. చిన్నపాటి అనుమానం కూడా లేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సాఫీతనం చూసే నాకు అనుమానం రావాల్సింది. నేను మాత్రం పాట పాడుకుంటూ రాసుకున్నాను.

పదిహేడో మనిషి సక్కుబాయి. నలభై ఏళ్లుంటాయి. భైంసాలో పత్తి మార్కెట్ దగ్గర మిర్చి బజ్జీల బండి నడుపుతుంది. బల్ల ఎక్కకముందే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా ఆయి గీ రోగంతోనే పోయింది సిస్టరమ్మా. నాకు సుత అదే అయితదని పదేండ్ల సంది నిద్రలేదు" అంది. ఆయి అంటే వాళ్లమ్మ. నిమిషం గడిచింది. ఏమీ తెల్లబడలేదు.

"ఫికర్ వడకు అక్కా, ఏం లేదు" అన్నాను.

సక్కుబాయి లేచి కూర్చుని, నన్ను వాటేసుకుని, ఏడ్చి, తర్వాత వరండాలోకి వెళ్లి చప్పట్లు కొట్టింది. "ఇయ్యాల అందరికి నా బజ్జీలే!" అని ప్రకటించింది. అన్నట్టే ఇంటికి పోయి పొయ్యి వెలిగించి, గంపెడు మిర్చి బజ్జీలు తెచ్చి పంచింది. నేను నాలుగు తిన్నాను. పదేళ్ల భయం దిగిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో దగ్గరగా చూశాను. నా ఉద్యోగంలో అంత సంతోషపడ్డ రోజు లేదు.

శాంత గారి ప్రశ్న

తిరుగు ప్రయాణంలో నిర్మల్ దాటాక పెట్టె తెరిస్తే, సీసాలోని గడ్డ కరిగి మళ్లీ నీళ్లలా ఉంది. రహీం భాయ్‌ను నిలదీద్దామని దాన్ని పట్టుకుని నేరుగా శాంత గారి గదిలోకి పోయాను. ఆమె విని కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

"పాపం రహీం! చిక్కటి ఎసిటిక్ యాసిడ్ పదహారు డిగ్రీల కాడనే గడ్డకడతది సుగుణా. నీళ్ల కంటె ముందే. గడ్డకట్టిందంటె సరుకు మంచిదని లెక్క, నీళ్లు కలిపితె గంత సులువుగ గడ్డకట్టదు. సీసాను గోరువెచ్చని నీళ్లల్ల పెడితె కరుగుతుండె."

నేనూ నవ్వాను. ఉన్నట్టుండి ఆమె నవ్వు ఆగిపోయింది.

"మరి ఆ దినం దేంతోని చూసినవ్?"

నూడుల్స్ బండి సీసా ఇంకా పెట్టెలోనే ఉంది. లాబ్‌కు పంపాం. అందులో ఉండాల్సిన బలంలో పావు వంతు కూడా లేదన్నారు. బండి అతను మిరపకాయల కోసం ముప్పావు వంతుకు పైగా నీళ్లు పోసుకున్నాడు. అతని తప్పేముంది, అతను నూడుల్స్ అమ్ముతున్నాడు, క్యాన్సర్ వెతకడం లేదు.

పద్దెనిమిది మంది. వాళ్లలో ఎవరికి తెల్లబడాల్సి ఉండిందో నాకు తెలియదు. వాళ్లకూ తెలియదు. వాళ్లంతా నిశ్చింతగా పత్తి ఏరుకుంటున్నారు. నాకు ఎక్కువగా గుర్తొచ్చింది సక్కుబాయి చప్పట్లు.

క్యాంపుల లెక్కలు చూసే అధికారి ఒకాయన ఉండేవాడు. "రిపోర్టు పోయింది గదమ్మా. కొన్నేండ్లకు మళ్లీ చూస్తం గద, అప్పటిదాంక కదిలియ్యకు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, కాగితం మీద బతికే మనిషి. నాకు ఆ మాట ఒక క్షణం తియ్యగానే వినిపించిందని ఒప్పుకుంటున్నాను. శాంత గారు మాత్రం, "నువ్వు చెప్పొచ్చిన మాట, నువ్వే పోయి వాపస్ తెచ్చుకో. జీపు తీస్కపో" అన్నారు.

నూడుల్స్ సిస్టర్

మూడో రోజు మళ్లీ ఆ ఊళ్లో దిగాను. దారంతా ఏం చెప్పాలా అని కట్టుకథలు అల్లుకుంటూ వచ్చాను. యంత్రం చెడిపోయిందనా, రెండోసారి చూడడం పద్ధతనా? చేను గట్టు మీద నిలబడి, ఒడినిండా పత్తితో నావైపు చూస్తున్న ఆడవాళ్ల ముందు అవేవీ నోట్లోంచి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. యాసిడ్ గడ్డకట్టింది, నాకు తెలియలేదు, నూడుల్స్ బండి వెనిగర్ పోశాను, అందులో నీళ్లే ఎక్కువ. తప్పు నాది.

ఒక ముసలావిడ పకపకా నవ్వింది. "అయితె మాకు నూడుల్స్ నీళ్లు పోసినవా బిడ్డా? జర ఉల్లిగడ్డ సుత ఎయ్యకపోయినవ్!" ఇంక అందరూ అందుకున్నారు. ఆ చేను చేనంతా నవ్వింది. ఆ ఊళ్లో నా పేరు అప్పటి నుంచి నూడుల్స్ సిస్టర్. కోపం రాకపోగా నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తిడతారని పోయినదాన్ని, ఆటపట్టించి వదిలేశారు.

రెండు రోజుల్లో పదిహేడు మందినీ మళ్లీ చూశాను, ఈసారి అసలైన మందుతో. ఎవరికీ తెల్లబడలేదు. మిగిలింది సక్కుబాయి ఒక్కతే. ఆమె రానంది.

నేనే ఆమె బండి దగ్గరికి పోయాను. మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ. పొయ్యి మీద నూనె కాగుతోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"ఒకపాలి లేదన్నవ్. ఇప్పుడు మళ్ల చూస్తనంటవ్. ఆ సంబురం నువ్వే ఇస్తివి, నువ్వే గుంజుకుంటున్నవా?"

"నేనిచ్చింది ఉత్త సంబురమక్కా. నిజమైంది ఇద్దామని వచ్చిన."

"నిజమైంది ఇస్తవో, మా ఆయి లెక్క మంచం మీద పండవెడతవో ఎవలకెరుక?" "నాకు తెల్వకపోతెనే మంచిగుంటది. పో."

నేను పోలేదు. బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి ఆమే అడిగింది.

"ఏ బండోనిది ఆ సీసా?"

"బస్టాండు కాడ, నీలం రంగు బండి."

"వాడా!" సక్కుబాయి గరిటె కింద పెట్టింది. "వాడు టమాట సాసుల సుత గుమ్మడికాయ కలుపుతడు! నన్నొక్క మాట అడుగుతే నేనే చెప్తుంటి గద! ఏది, ఉన్నదా సీసా?"

లాబ్ నుంచి వాపసు తెచ్చుకున్న సీసా నా సంచిలోనే ఉంది. ఆమెకు చూపించడానికే తెచ్చాను, ఎలా చూపించాలో తెలియలేదు. ఆమెకు తెలుసు. బజ్జీల పిండిలో వేసే తినే సోడా డబ్బా తీసి, పళ్లెంలో రెండు చోట్ల చెంచాడు చెంచాడు పోసింది.

"ఒక దాని మీద వానిది పొయ్యి. ఒక దాని మీద నీది పొయ్యి."

పోశాను. బండి వెనిగర్ పడ్డచోట సోడా కొంచెం తడిసి, నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంది. నేను కలిపిన మందు పడ్డచోట బుస్సుమని నురుగు పొంగి పళ్లెం అంచుదాకా పాకింది. సక్కుబాయి వంగి ఆ రెండింటినీ చాలాసేపు చూసింది.

"నా సోడ మంచిదే" అంది చివరికి. "నీ మందే అప్పుడు చెడ్డది." తర్వాత పొయ్యి ఆర్పేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "నడువ్. నా భయం సుత నీళ్లు కలిపిందో, చిక్కటిదో చూద్దాం."

తెలుపు

తెల్లబడింది. చిన్న మచ్చ, కందిగింజంత. ఆ నిమిషంలో నేను కూర గురించి అడగలేదు. ఆమే నన్ను అడిగింది, "ఇయ్యాల ఏం కూర వండుకున్నవ్ సిస్టరమ్మా?" అని.

దాచకుండా చెప్పాను. మర్నాడే జీపులో కరీంనగర్ తీసుకొచ్చాం. శాంత గారు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు, దానికి ముందు మెట్టు. వేడి పరికరంతో ఆ చోటును కాల్చేసే వైద్యం చేశారు. సక్కుబాయి లెక్కపెట్టిందట, పొయ్యి మీద రెండో వాయి బజ్జీలు వేగినంత సేపు కూడా పట్టలేదట. నెలరోజులు మొగుడి పక్కన పడుకోవద్దని శాంత గారు చెబితే, "నెల సాలుతదా డాక్టరమ్మా? కాయితం మీద మూడు నెలలు రాయరాదు!" అంది. వార్డంతా నవ్వింది.

ఏడాదికి మళ్లీ చూశాం. నిమిషం ఆగాను, రెండు నిమిషాలు ఆగాను. ఏమీ తెల్లబడలేదు. ఈసారి మందు అసలైనది. చప్పట్లు ముందు కొట్టింది నేనే. బజ్జీలు మాత్రం ఆమే తెచ్చింది.

ఆ తర్వాత భైంసా వైపు ఏ క్యాంపు పెట్టినా పొద్దున్నే సోడా డబ్బాతో వచ్చి తలుపు దగ్గర కూర్చునేది. ఆమె పళ్లెం మీద నురుగు పొంగాకే ఆడవాళ్లు లోపలికి. లాబ్ పరీక్షకు అది బదులు కాదు, కొలతలు కొలతలే. కానీ కొలిచే మనిషి కళ్లు తెరిచి ఉందో లేదో చూడడానికి దాన్ని మించింది నాకు దొరకలేదు. మిగతా క్యాంపులకు నేనే సోడా పొట్లం మోసుకుపోయేదాన్ని. రహీం భాయ్‌కు నేను క్షమాపణ చెప్పాను, ఆయన ఒప్పుకున్నాడు, అయినా ప్రతి చలికాలం ఫోను చేసి "ఐసు కరిగిందా అక్కా?" అని అడుగుతూనే ఉన్నాడు.

పోయిన వారం పొద్దున్న నా ఫోను మోగింది. శిక్షణలో నా మచ్చ గురించి అడిగిన అమ్మాయే. భైంసా దగ్గర ఆమె మొదటి క్యాంపు. గొంతులో కంగారు.

"మేడం, అన్ని మీరు చెప్పినట్టే చేసిన. కొలిచే కలిపిన. కానీ ఈడ తలుపు కాడ ఒకామె కూసున్నది. పళ్లెంల సోడ వట్టుకొని, ముందుగాల దీని మీద పొయ్యి, అప్పుడే లోపటికి పంపిస్త అంటున్నది. ఇరవై మంది బయటనే ఉన్నరు. ఎవలు మేడం ఈమె?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఆమె మీ పై ఆఫీసరు బిడ్డా. చెప్పినట్టు చెయ్" అన్నాను.

ఫోను పెట్టేయడం ఆ పిల్ల మరిచిపోయింది. నేను చెవికి గట్టిగా ఆనించుకుని నిలబడ్డాను. అటు నుంచి సక్కుబాయి కేక వినిపించింది.

"పొంగింది! మందు మంచిదే, ఇగ రాండ్రే, ఒక్కొక్కలు లోపటికి రాండ్రి!"